జాంగో మేలుకొలుపు

కృష్ణానది ఇంద్రకీలాద్రి పాదమును ఒరసికొని ప్రవహించుచోట, కొండకును కాలువలకును నడుమ ఇరుకైన వీధులతో అల్లుకొనియున్న పేట విజయవాడ వన్ టౌన్. 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి ఈ పేట అంచుననే నదికి అడ్డముగా నిలిచియున్నది. ఏలూరు, బందరు, రైవస్ కాలువలు ఈ ప్రాంతమునుండియే చీలి డెల్టా పొలములకు నీరు కొనిపోవును. నీరు ఒకచోట కూడి పలుదారులు పట్టినట్లే సరకులును ఇచ్చట కూడి పలుదారులు పట్టును. కాళేశ్వరరావు మార్కెట్టును, బట్టల టోకు వర్తకమునకు నెలవైన వస్త్రలతను ఎరుగని చిల్లర వర్తకుడు ఈ చుట్టుప్రక్కల అరుదు.

ఈ వీధులలో ఒక బట్టల దుకాణము ఉదయమున ఎట్లు తెరువబడునో నిలిచి చూడవలెను. యజమాని తాళము తీయును. షట్టరు పైకి లేచును. పనివాడు వాకిలి ఊడ్చి నీళ్లు చల్లును. దేవుని పటము ముందు సాంబ్రాణి పొగ లేచును. పరుపులమీద తెల్లని దుప్పటి పరతురు. గుమాస్తా చిట్టా తెరచి తేదీ వేయును. తానులు తమతమ అరలలో ఉన్నవో లేవో ఒకడు చూచును. మీటరు బద్దను, కత్తెరను చేతికందుచోట ఉంచును. ఇంతయు జరిగిన పిమ్మటగాని యజమాని గల్లాపెట్టె ముందు కూర్చుండడు. గుడివాడనుండియో తెనాలినుండియో మొదటి బస్సులో వచ్చిన కొనుగోలుదారునకు ఇదేమియు కనబడదు. దుకాణము ఎల్లప్పుడును అట్లే తెరచియున్నట్లు అతనికి తోచును.

ఈ పనులకు ఒక వరుస కలదు. చిట్టా తెరువకముందు బిల్లు వ్రాయరాదు. తానులు సరిచూడకముందు మాట ఈయరాదు. తాళము తీయకముందు ఏమియు చేయరాదు. ఇట్టి ఉదయమే కంప్యూటరులలో నడచు దుకాణములకును ఒకటి కలదు. అది కొద్ది సెకనులలో ముగియును. చూచువారును ఉండరు. ఐనను అందులోని వరుస తప్పినచో కలుగు నష్టము వీధి దుకాణములో కలుగు నష్టమునకు తీసిపోదు.

నేడు వర్తకుడు వీధిలోని దుకాణముతోబాటు కంటికి కనబడని మరియొక దుకాణమును నడుపవచ్చును. గన్నవరములోని చిల్లర వర్తకుడు తన చేతిలోని ఫోనుమీద ఆ దుకాణపు చిరునామా తాకును. అతని కోరిక తీగలగుండ, గాలిగుండ పయనించి ఎచ్చటనో ఉన్న ఒక కంప్యూటరును చేరును. ఇట్టి కోరికలను అందుకొనుటకై నిత్యము మేలుకొనియుండు కంప్యూటరునకు సర్వరని పేరు. సర్వరులో ఒక ప్రోగ్రాము ఉండును. కోరికను చదివి, సరకుల లెక్క చూచి, ప్రత్యుత్తరమును వ్రాసి పంపునది అదియే. దానిని వెబ్ అప్లికేషను అందురు. పరీక్షాఫలితములు చూపునదియు, రైలు టిక్కెట్టు ఇచ్చునదియు, కరెంటు బిల్లు కట్టించుకొనునదియు ఈ జాతివే.

ఇన్ని రకముల అప్లికేషనులు ఉన్నను వానిలో సగము పని ఒక్కటే. వచ్చినవాడెవడో గుర్తించుట, అతడు అడిగిన పుట ఏదో కనుగొనుట, లెక్కల పుస్తకమువంటి డేటాబేసును తెరచి వెదకుట, దొంగచొరబాట్లను ఆపుట — ఇవి బట్టల దుకాణమునకును కావలెను, ఆసుపత్రికిని కావలెను. ప్రతివాడును వీనిని మొదటినుండి వ్రాసికొనుట వృథాశ్రమ. అందువలన ఈ సామాన్యమైన పనులన్నియు ముందే సిద్ధముచేసి, చట్రమువలె బిగించి, ఎవరి సరకు వారు అందులో నింపుకొనుటకు వీలుగా కొందరు ఏర్పాటు చేసిరి. దానినే ఫ్రేమ్‌వర్కు అందురు.

అట్టి ఫ్రేమ్‌వర్కులలో పేరుపొందినది జాంగో. దాని పుట్టుక ఒక వార్తాపత్రిక కార్యాలయములో జరిగినది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున లారెన్స్ అను ఊరికి చెందిన లారెన్స్ జర్నల్-వరల్డ్ పత్రికలో పనిచేయుచు ఏడ్రియన్ హొలొవాటి, సైమన్ విలిసన్ అను యువకులు 2003లో దీనికి పునాది వేసిరి. పత్రికలో పని తొందరపని. ఒక క్రొత్త పుట కావలెనన్న కొన్ని దినములలో, ఒక్కొక్కప్పుడు కొన్ని గంటలలోనే సిద్ధము కావలెను. ఒకసారి వ్రాసినదానిని మరల వ్రాయకుండుటకే వారు ఈ చట్రమును కట్టుకొనిరి. 2005 జూలైలో దానిని అందరకు ఉచితముగా వెల్లడించిరి. జాంగో రైన్‌హార్ట్ అను సుప్రసిద్ధ గిటారు విద్వాంసుని పేరే దానికి పెట్టిరి. ఇంగ్లీషులో ఆ పేరు డి అను అక్షరముతో మొదలగును గాని ఆ అక్షరమును పలుకరు. పైథాన్ అను కంప్యూటరు భాషలో వ్రాయబడిన ఈ చట్రము ఎట్లు మేల్కొనునో తెలిసికొన్నచో తక్కిన చట్రముల సంగతియు చాలవరకు తెలియును.

సర్వరు తనంతట తాను జాంగోను ఎరుగదు. జాంగోయు సర్వరును ఎరుగదు. ఇరువురికిని నడుమ ఒక ఒడంబడిక ఉన్నది. దానిపేరు విస్గి. పైథాన్ భాషవారు 2003లో దానిని వ్రాసికొని 2010లో సవరించుకొనిరి. కోరికను ఏ రూపమున అందించవలెను, ప్రత్యుత్తరమును ఏ రూపమున తిరిగి ఈయవలెను అను రెండు సంగతులే అందులో ముఖ్యము. గజములతో కొలుచు అంగడివానికిని మీటర్లతో పంపు మిల్లువానికిని నడుమ తగవులు పుట్టక తప్పదు; అందరును ఒకే కొలతకు ఒప్పుకొన్నప్పుడు ఏ మిల్లు బట్టనైనను ఏ దుకాణములోనైనను కోయవచ్చును. అట్లే ఈ ఒడంబడిక ఏర్పడిన పిమ్మట ఏ సర్వరైనను ఏ పైథాన్ చట్రమునైనను నడుపగలిగినది. సర్వరు మొదట ఆ ఒడంబడిక పేరుగల చిన్న ఫైలును తెరచును. తాళము తీయుట అనగా ఇదియే.

ఆ ఫైలులో ముఖ్యమైన సంగతులు రెండే. ఒకటి, ఈ దుకాణపు ఏర్పాట్లు వ్రాసియున్న కాగితము ఎచ్చటనున్నదో చెప్పుట. రెండు, జాంగోను లెమ్మనుట. ఏర్పాట్ల కాగితమునకు సెట్టింగులు అని పేరు. డేటాబేసు చిరునామా, రహస్యపు తాళపుచెవి, ఏ దేశపు కాలమానము పాటించవలెను, ఏ భాషలో మాటలాడవలెను, ఏయే అంగములు చేరవలెను — ఇవన్నియు అందులో ఉండును. క్రొత్తగా ఒక జాంగో పనిని మొదలుపెట్టినచో ఆ కాగితములో 6 అంగముల పేర్లు ముందుగనే వ్రాసియుండును. వాని క్రింద వర్తకుడు తన అంగములను చేర్చుకొనును: సరకుల అంగము, ఖాతాదారుల అంగము, బిల్లుల అంగము.

జాంగో లేచినవెంటనే చేయు మొదటి పని చాల మెచ్చదగినది. అంగములను పిలుచుటకు ముందు అది దినచర్య పుస్తకమును తెరచును. ఇకముందు జరుగు ప్రతి పొరపాటును అందులో వ్రాయబడవలెను. పొరపాటు జరిగిన పిమ్మట పుస్తకము వెదకికొనువాడు దానిని సరిగా వ్రాయలేడు. గుమాస్తా మొట్టమొదట చిట్టాలో తేదీ వేయుటకు కారణము ఇదియే గదా.

పిమ్మట అంగములను ఎక్కించుట. ఇది మూడు చుట్లుగా జరుగును. పనియంతటిలోను మిక్కిలి మెలకువతో ఏర్పరచిన భాగము ఇది.

మొదటి చుట్టు హాజరు పిలుచుట. సెట్టింగులలోని జాబితాను జాంగో పైనుండి క్రిందికి చదివి, ఒక్కొక్క పేరు పిలిచి, ఆ అంగము ఉన్నదో లేదో చూచి, తన హాజరుపట్టీలో వ్రాసికొనును. ఈ చుట్టులో ఎవరును తమ పుస్తకములు తెరువరాదు; పేరు పలికి ఊరకుండవలెను. జాబితాలో ఉన్న అంగము పెట్టెలో లేకపోయినచో పని అచ్చటనే ఆగును. ఒకే పేరుతో ఇద్దరు పలికినను ఆగును. ఒక తరగతిలో ఇద్దరు వెంకటేశ్వరరావులు ఉన్నచో ఉపాధ్యాయుడు ఇంటిపేరు చేర్చి పిలుచును. జాంగో అంత చొరవ తీసికొనదు. ఇద్దరిలో ఒకరికి వేరుపేరు పెట్టుమని ప్రోగ్రాము వ్రాసినవానికే విడిచిపెట్టును. ఎవరిని ఏమని పిలువవలెనో ఊహించి పొరపడుటకంటె అడిగి ఆగుట మేలని దాని పద్ధతి.

రెండవ చుట్టులో పుస్తకములు తెరతురు. ప్రతి అంగమును తాను ఉంచు లెక్కల నమూనాలను పట్టుకొని వచ్చును. వీనిని మోడళ్లందురు. సరకుల అంగము నమూనాలో తాను పేరు, రంగు, మీటరు ధర అను గడులు ఉండును. ఖాతాదారుల అంగములో పేరు, ఊరు, బాకీ అను గడులు ఉండును. బిల్లుల అంగములో తేదీ, మొత్తము అను గడులతోబాటు ఈ బిల్లు ఏ ఖాతాదారునిది అను గడి ఒకటి ఉండును. చిక్కు ఇచ్చటనే ఉన్నది. ఆ గడి ఖాతాదారుల అంగమును చూపించును. ఖాతాదారుల అంగమునకు హాజరే వేయకముందు బిల్లుల అంగము పుస్తకము తెరచి, ఖాతాదారుడు ఎవడు అని అడిగినచో సమాధానము చెప్పువారుండరు.

హాజరును, పుస్తకములు తెరచుటయును ఒక్క చుట్టులోనే కలిపి చేసినచో, జాబితాలో మొదట ఉన్నవాడు చివరనున్నవానికై ఎదురు చూచుచుండును. చివరివాడు మొదటివానికై ఎదురు చూచుచుండును. ఇద్దరును కదలరు. పాత జాంగోలో అంగములు ఎక్కు వరుస ఇంత కట్టుదిట్టముగా ఉండెడిది కాదు. ఏ ఫైలు ముందు తెరువబడినదో దానినిబట్టి వరుస మారుచుండెడిది. ఒక కంప్యూటరులో చక్కగా లేచిన ప్రోగ్రాము మరియొక కంప్యూటరులో కూలబడుటకు అది ఒక కారణము. 2014 సెప్టెంబరులో వెలువడిన 1.7వ కూర్పులో హాజరుపట్టీని ప్రవేశపెట్టి ఈ వరుసను స్థిరపరచిరి. అప్పటినుండి, అందరును హాజరైన పిమ్మటనే పుస్తకములు తెరువబడుచున్నవి. అప్పటికిని బిల్లుల పుస్తకము ముందు తెరువబడి ఖాతాదారుల పుస్తకము తరువాత తెరువబడవచ్చును. అట్టి సందర్భములో బిల్లుల నమూనాలోని గడి ఖాతాదారుల పేరును మాత్రము వ్రాసికొని ఊరకుండును. ఆ పుస్తకము తెరువబడిన క్షణముననే రెంటికిని ముడి పడును.

రెండు చుట్లును ముగియకముందే తొందరపడి ఏ అంగమైనను మరియొక అంగపు లెక్కలు అడిగినచో జాంగో పనిని ఆపివేసి, అంగములు ఇంకను ఎక్కింపబడలేదు అను తాత్పర్యముగల ఒక ఇంగ్లీషు వాక్యమును తెరమీద వ్రాయును. జాంగో నేర్చుకొనుచున్న ప్రతివాడును ఏదో ఒకనాడు ఈ వాక్యము చూచి కలవరపడినవాడే. తన లెక్కలలో తప్పేమున్నదని గంటలకొలది వెదకును. లెక్కలలో తప్పు ఉండదు. అడిగిన వేళలో తప్పు ఉండును.

తెలుగువారికి ఇచ్చట ఆసక్తి కలిగించు సంగతి ఒకటి కలదు. జాంగో తనతో తెచ్చుకొను భాషల పట్టికలో తెలుగు కూడ ఉన్నది. వన్ టౌన్ దుకాణము తన కోరికమేరకు గన్నవరము వర్తకునితో తెలుగులోనే మాటలాడవచ్చును. ఐతే తెలుగు మాటలు ఒక్కచోటనే కుప్పగా ఉండవు. ప్రతి అంగమును తన మాటల మూటను తాను మోసికొనివచ్చును. అన్ని మూటలును చేరకముందు నిఘంటువు కూర్చబడదు. కావున హాజరుపట్టీ పూర్తికాకముందు ఎవరైనను ఈ మాటకు తెలుగేమి అని అడిగినచో జాంగో నిరాకరించును. మరి మోడళ్లు తెరచునప్పుడే గడులకు పేర్లు పెట్టవలసియున్నది గదా! దానికి వర్తకుల ఉపాయమువంటి ఉపాయము కనిపెట్టిరి. వర్తకుడు నగదు లేనివేళ హుండీ వ్రాసి ఇచ్చును. గడువునాడు దానిని చూపినచో సొమ్ము ముట్టును. అట్లే గడికి పేరు బదులు ఒక చీటీ అంటింతురు. పుట తెరమీదికి వచ్చువేళ ఆ చీటీ మారి తెలుగు మాట అగును. ఎవని భాష ఏదో అప్పటికిగాని తెలియదు. కాబట్టి చీటీ ఇచ్చుటయే న్యాయము కూడ.

మూడవ చుట్టులో జాంగో ప్రతి అంగమును వరుసగా తట్టి, అందరును సిద్ధముగా ఉన్నారు, నీవు చేయవలసిన ఏర్పాటు ఏదైన ఉన్నచో చేసికొనుము అని సెలవిచ్చును. అంగములు ఒకదానికొకటి కబురు చెప్పుకొను ఏర్పాట్లు ఈ వేళనే జరుగును. క్రొత్త బిల్లు పడినప్పుడెల్ల నాకు కబురంపుడు, నిలువ తగ్గించుకొందును అని సరకుల అంగము ఇప్పుడు చెప్పియుంచవచ్చును.

ఈ మూడవ చుట్టులో డేటాబేసు జోలికి పోవలదని జాంగోను కట్టినవారు గట్టిగా చెప్పుచున్నారు. దానిని పాటింపని ఒక ప్రోగ్రామరు ఉన్నాడనుకొందము. ప్రతి ఉదయము ప్రారంభనిలువ వ్రాయవలెను గదా అని అతడు ఆ పనిని ఈ చుట్టులో పెట్టినాడు. చూచుటకు సబబుగానే ఉన్నది. కాని సర్వరు ఒకే దుకాణమును ఒక్కసారి మాత్రమే తెరువదు. రద్దీని తట్టుకొనుటకై అదే ప్రోగ్రామును నాలుగు ప్రతులుగానో ఎనిమిది ప్రతులుగానో నిలుపును. ఆ ప్రతులలో ప్రతిదియు ఈ మూడు చుట్లను తిరుగవచ్చును. అంతేకాదు, ప్రోగ్రామరు ఏదో చిన్న పనికై జాంగోకు ఒక ఆజ్ఞ ఇచ్చినను, పరీక్ష నడిపినను అంగములు మరల ఎక్కును. ఎక్కిన ప్రతిసారియు ప్రారంభనిలువ ఒకటి వ్రాయబడును. నూరు తానులున్న అరలో సాయంకాలమునకు ఎనిమిదివందల తానులు కాగితముమీద కనబడును. ఆ లెక్కను నమ్మి నూజివీడు వర్తకునకు మూడువందల తానులు పంపుదునని దుకాణము మాట ఇచ్చును.

మూడు చుట్లును ముగిసినపిమ్మట వాకిలి కావలి ఏర్పడవలెను. వచ్చిన కోరిక నేరుగా లెక్కలవద్దకు పోరాదు. దారిలో కొందరు దానిని పరీక్షింతురు. వీరికి మిడిల్‌వేరు అని పేరు. క్రొత్త జాంగో పనిలో వీరు 7గురు ముందుగనే ఉందురు. మొదటివాడు దారి భద్రమైనదా అని చూచును. తరువాతివాడు ఈ వచ్చినవాడు ఇంతకుముందు వచ్చినవాడేనా అని గుర్తుచీటీ చూచును. వెనుకనున్న మరియొకడు ఆ గుర్తుచీటీనిబట్టి ఇతడు ఫలానావాడు అని నిర్ణయించును. గుర్తుచీటీ చూచువాడు ముందుండక వెనుకనున్నచో నిర్ణయించువానికి ఆధారముండదు. కావున వీరి వరుసను ఇష్టమువచ్చినట్లు మార్చరాదు.

చిత్రమేమనగా, జాబితాలో మొదటివాడు లోనికి వచ్చు కోరికకు మొదట ఎదురుపడునుగాని, ప్రారంభవేళ జాంగో కట్టుట మాత్రము చివరివానినుండి మొదలిడును. టోకు దుకాణములో పట్టుచీర కట్టు విధము చూచినవారికి ఇది సులభముగా తెలియును. చీరకు మొదట పలుచని కాగితము చుట్టుదురు; దానిని అట్టపెట్టెలో ఉంతురు; అట్టి పెట్టెలు కొన్ని చేర్చి గోనెపట్టాతో కుట్టి బేలు కట్టుదురు. బేలు విప్పువాడు మొదట గోనెపట్టానే చూచును. కట్టినప్పుడు చివరిది, విప్పునప్పుడు మొదటిది. జాంగో కూడ లోపలి పొరను ముందుగా చుట్టి, దానిపై మరియొక పొర, దానిపై మరియొకటిగా చుట్టుకొనివచ్చును. కోరిక పైపొరనుండి లోపలికి పోవును. ప్రత్యుత్తరము లోపలినుండి అవే పొరలగుండ తిరుగుదారిన వెలుపలికి వచ్చును. ఈ కావలివారిలో ఎవడైనను సెట్టింగులు చూచికొని నేడు నాతో పనిలేదు అని ప్రారంభమునందే తప్పుకొనవచ్చును. అట్టివానిని జాంగో మారుమాటాడక విడిచిపెట్టి తక్కిన పొరలు చుట్టును.

ఇంతవరకును చేసిన పనులు చెప్పబడినవి. చేయని పనులును ముఖ్యమే. జాంగో లేచునప్పుడు డేటాబేసుతో మాటలాడదు. దాని చిరునామా దగ్గర ఉంచుకొనును అంతే. మొదటి లెక్క అడిగినప్పుడుగాని ఆ తలుపు తట్టదు. ఏ చిరునామా కోరినవానిని ఏ పుటకు పంపవలెనో తెలుపు దారుల పట్టికను కూడ చాలవరకు మొదటి కోరిక వచ్చినప్పుడే తెరచును. కావలసినవేళ తెరచుట పొదుపు. ఐతే పొదుపులో ఒక అపాయమున్నది. తెరువని పెట్టెలో చెదలున్నను తెలియదు. డేటాబేసు చిరునామాలో ఒక అక్షరము తప్పియున్నను జాంగో నిశ్చింతగా లేచి కూర్చుండును. తప్పు మొదటి కొనుగోలుదారుని కంట పడును.

ఈ అపాయము డెల్టావారికి క్రొత్తది కాదు. 1855లో ముగిసిన పాత ఆనకట్ట 1952లో గండిపడగా దాని స్థానమున కట్టబడినదే నేటి బ్యారేజి. 70 తలుపులతో, కిలోమీటరునకు పైబడిన నిడివితో అది నిలిచియున్నది. తలుపులు ఎంత గట్టివైనను, కాలువకు నీరు విడుచుటకు ముందు గట్లు, తూములు, లాకులు చూచుకొనవలసినదే. నీటిని తొలుత కొద్దిగా విడిచి క్రమముగా పెంచుదురు. ఒక్క పెట్టున విడిచినచో ఎండియున్న గట్టు ఎచ్చట బలహీనముగా ఉన్నదో అచ్చట తెగును. తెగినప్పుడు ఆ ఊరి పొలము మునుగును. నాగాయలంకవైపు శివారు భూములు మాత్రము ఎండును. వన్ టౌన్‌లో తలుపు ఎత్తినవానికి ఆ రెండును కనబడవు.

జాంగోలో ఇట్టి గట్లు చూచుకొను ఏర్పాటు వేరుగా ఉన్నది. దానిని చెక్ అందురు. మోడళ్ల గడులు పొసగుచున్నవా, దారుల పట్టిక సరిగా ఉన్నదా, కావలసిన కావలివారు ఉన్నారా అని అది చూచి, దోషములున్నచో ఏ దోషమో చెప్పును. ప్రోగ్రామరు తన బల్లవద్ద పని చేసికొనుచున్నంతకాలము ఇది తనంతట తాను నడచును. కాని నిజమైన సర్వరు విస్గి ఒడంబడిక ద్వారా జాంగోను లేపునప్పుడు మాత్రము, ఆలస్యము కాకుండుటకై, ఈ తనిఖీ తనంతట తాను నడువదు. లోకమునకు విడుచుటకు ముందు ఆజ్ఞ ఇచ్చి నడిపించుకొనవలెను. బల్లవద్ద నిత్యము జరుగుచుండిన తనిఖీ అంగడిలోను జరుగుచునే ఉండునని నమ్మి మోసపోయినవారు ఉందురు. లేపువాని నిర్లక్ష్యమునకు చట్రము పూచీపడదు.

అంగములు ఎక్కించు మూడు చుట్లలో మాత్రము జాంగో పట్టుదల వేరు. పది అంగములలో తొమ్మిది చక్కగా వచ్చి ఒకటి రాకున్నను అది లేవదు. తొమ్మిదింటితో దుకాణము నడుపరాదా అని అడుగవచ్చును. బిల్లుల అంగము రాలేదనుకొందము. సరకు చూపుట జరుగును, కోరిక తీసికొనుట జరుగును, నిలువ తగ్గుట మాత్రము జరుగదు. ఒకే తానును ఐదుగురికి అమ్మిన పిమ్మటగాని సంగతి బయటపడదు. వీధిలో మూసియున్న దుకాణమును చూచి కొనుగోలుదారుడు విసుగుకొని ప్రక్క దుకాణమునకు పోవును, మరునాడు రావచ్చును. తప్పుబిల్లు పట్టుకొని ఇంటికి పోయినవాడు మరల ఆ వీధికే రాడు. పదవతరగతి ఫలితముల దినమున ఇది ఇంకను కఠినమైన సంగతి. ఫలితము కనబడుటకు అరగంట ఆలస్యమైనచో బాలుడు తిట్టుకొనును. మార్కుల అంగము ఎక్కక, ఖాళీగడిని సున్నగా చూపినచో ఆ ఇంటిలో ఆ అరగంట ఎట్లు గడచునో ఊహించుకొనవచ్చును.

అంగములన్నియు ఎక్కినవి. పొరలన్నియు చుట్టబడినవి. అప్పుడు జాంగో, కోరిక వచ్చినప్పుడు పిలువవలసిన ఒక్క పేరును సర్వరు చేతిలో పెట్టును. సర్వరు తలుపు తీసి కూర్చుండును.

గన్నవరమునుండి మొదటి కోరిక వచ్చును. పైపొరనుండి లోపలికి దిగును. దారుల పట్టిక అప్పుడే మొదటిసారి తెరువబడును. డేటాబేసు తలుపు అప్పుడే మొదటిసారి తట్టబడును. ఆ పిమ్మట పుట కూర్చబడి, చీటీలన్నియు తెలుగు మాటలై, వచ్చినదారినే వెలుపలికి పోవును. అందుచేత మొదటివాడు రెండవవానికంటె రవ్వంత ఎక్కువసేపు కాచుకొనవలసియుండును. వన్ టౌన్‌లో కూడ బోణీ బేరము కొంచెము నెమ్మదిగానే సాగును. గుమాస్తా కలము తెరచి, చిట్టాలో తొలి పంక్తి వ్రాయవలెను గదా.